బొగ్గుపులుసు గాలి: కల్లు లొట్టి నుండి ఇంటి బీరు వరకు

కార్బన్ డై ఆక్సైడును మన పూర్వపు పాఠ్యపుస్తకములలో బొగ్గుపులుసు వాయువు అని వ్రాసెడివారు. పులుసు అనగా ఇచ్చట ఆమ్లము. బొగ్గు మండగా పుట్టి, నీటిలో కరిగినపుడు నాలుకకు పుల్లగా తోచు గాలి గనుక ఆ పేరు పెట్టిరి. ఇప్పటి బాలురకు ఆ మాట నవ్వు పుట్టించవచ్చును. కాని తెలిసియో తెలియకయో, పేరు పెట్టినవారు బొగ్గును పులుపును ఒక్క మాటలో ముడివేసిరి. ఈ గాలితో మనుష్యునకు పని కలుగు చోట్లలో రెండు ముఖ్యమైనవి: ఒకటి బొగ్గు గని, రెండవది పులియుచున్న కుండ. పెద్దపల్లి జిల్లా రామగిరి మండలమందలి సెంటినరీ కాలనీ పరిసరములలో ఈ రెండును ప్రక్కప్రక్కనే యున్నవి.

సింగరేణి గనులలో బొగ్గు త్రవ్వుట 1889లో ఇల్లెందు ప్రాంతమున మొదలయ్యెను. ఆ నూరేండ్ల పండుగ పేరు ఈ కాలనీకి నిలిచినది. గోదావరిఖని నుండి మంథనికి పోవు త్రోవలో గల ఈ కాలనీ చుట్టును ఓపెన్‌కాస్టు గనులును, అడ్రియాల లాంగ్‌వాల్ గనియు, వానికి ఆవల పల్లెలును కలవు. ఆ పల్లెల చెరువు గట్ల మీదను చేల గట్ల మీదను ఈత, తాడి చెట్లు నిలిచియుండును. చలికాలమున ఈతకల్లు, ఎండకాలమున తాటికల్లు దిగును. షిఫ్టు దిగి వచ్చు కార్మికునకు కల్లు మండువ క్రొత్త చోటు కాదు.

పాశ్చాత్య దేశములలో ఇంటియందే బీరు కాచుకొనుట తీరిక వేళల వ్యాసంగముగా వ్యాపించినది. కొందరు తపాలా బిళ్ళలు కూర్చినట్లు, కొందరు రేడియోలు విప్పి బిగించినట్లు, కొందరు వారాంతమున ఇరువది లీటర్ల బీరు కాచుకొందురు. దానిని విన్న తెలుగువాడు అదేదో విడ్డూరమని తలచును. నిజమునకు లొట్టిలో కల్లు పులియుటకును సీసాలో బీరు పులియుటకును మూలసూత్రము ఒక్కటే. భేదములు మాత్రము చాల ఉన్నవి. ఆ భేదములను పరిశీలించినచో జీవరసాయన శాస్త్రములో సగము పాఠము తెలిసిపోవును.

ముందుగా కల్లు సంగతి. గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కి, తాడిచెట్టునకైనచో గెలను, ఈతచెట్టునకైనచో మొవ్వు క్రింది మట్టను పదునైన కత్తితో చెక్కును. చెక్కిన గాయము నుండి తీయని రసము బొట్టుబొట్టుగా లొట్టిలోనికి దిగును. అది చెట్టు తన చిగుళ్ళకును పూగెలలకును పంపుకొను ఆహారము. అందు నూటికి 10 నుండి 14 వంతుల వరకు చక్కెర యుండును. ఆ చక్కెర చాలవరకు చెరుకురసమందలి చక్కెరయే. అప్పుడే స్రవించిన బొట్టులో మద్యసారము లేశమైనను లేదు, పులుపును లేదు.

పులియుట చెట్టుమీదనే ఆరంభమగును. గాలి నుండియు, ఈగలు తేనెటీగల కాళ్ళ నుండియు, చెక్కిన కత్తి నుండియు సూక్ష్మజీవులు లొట్టిలో చేరును. నిన్నటి కల్లు మడ్డి లొట్టి గోడల రంధ్రములలో మిగిలియే యుండును గనుక ఎక్కువ భాగము అచ్చటి నుండియే వచ్చును. పెరుగునకు తోడు ఎట్టిదో కల్లునకు పాత లొట్టి అట్టిది. క్రొత్త లొట్టిలో పులుపు ఆలస్యముగా ఎక్కునని గీసినవారికి అనుభవముచే తెలియును. సూక్ష్మదర్శిని లేకయే వారు గ్రహించిన సత్యమిది.

లొట్టిలో ఒక జాతి కాదు, ఒక ఊరే కాపురముండును. మొదట లాక్టిక్ ఆమ్లమును పుట్టించు బాక్టీరియాలు విజృంభించును. వానిలో ల్యూకొనాస్టాక్ అనునది ఒకటి. ఇడ్లీ పిండిని పొంగించునది కూడ అదియే. కల్లు కొంచెము జిగటగా ఉండుటకు అది చక్కెర నుండి అల్లు డెక్‌స్ట్రాన్ అను పదార్థము ఒక కారణము. ఆ పులుపులో తక్కిన బాక్టీరియాలు అనేకము నశించును గాని ఈస్టు తట్టుకొనును. ఈస్టు అనునది ఏకకణ శిలీంధ్రము. రొట్టెలు పొంగించునదియు, బీరు పులియబెట్టునదియు, కల్లులో ముఖ్యమైనదియు సాక్రొమైసిస్ సెరివిసియే అను ఒక్క జాతియే. స్కైజొసాక్రొమైసిస్ పాంబె అను మరియొక ఈస్టును తాటికల్లులో కనుగొనిరి. దానికి ఆ పేరు రావడము విచిత్రము. తూర్పు ఆఫ్రికా స్వాహిలీ భాషలో పొంబె అనగా బీరు. 1893లో ఆఫ్రికా చిరుధాన్యపు బీరు నుండి దానిని వేరుచేసిరి. కణము ఎట్లు రెండుగా విడివడునో దానిపై పరిశోధించిన పాల్ నర్సు 2001లో నోబెల్ బహుమానమందిన ముగ్గురిలో ఒకడు. జైమొమొనాస్ అను బాక్టీరియా కూడ ఈస్టుతో పోటీపడి చక్కెరను మద్యసారముగా మార్చును.

ఉదయము దింపిన కల్లు కొంచెము తీపి, కొంచెము పులుపు. మధ్యాహ్నమునకు నురుగు, ఘాటు. సాయంకాలమునకు మద్యసారము నూటికి 4, 5 వంతులగును. మరునాటికి ఎసిటొబాక్టర్ అను బాక్టీరియా గాలిలోని ఆమ్లజని తోడ్పాటుతో ఆ మద్యసారమునే వెనిగరులోని పుల్లని ఆమ్లముగా మార్చివేయును. కల్లును నిలువ ఉంచుట సాధ్యము కాకపోవుటకు హేతువిదియే. లొట్టి లోపల సున్నము పూసినచో క్షారగుణముచే సూక్ష్మజీవులు పెరుగవు. అట్లు లభించు తీపి రసమే నీరా.

ఇంతకును ఈస్టు ఈ పని ఎందుకు చేయును? మనుష్యుని మత్తు కొరకు కాదు. గాలి ఆడనిచోట బ్రతుకుటకై అది పడు పాటు ఇది. ఆమ్లజని ఉన్నచో ఒక గ్లూకోజు అణువును పూర్తిగా మండించి ఏటీపీ అను శక్తి నాణెములను ముప్పది వరకు సంపాదింపవచ్చును. ఆమ్లజని లేనిచోట రెండు మాత్రమే దొరకును. ఆ రెండింటి కొరకు అది చక్కెరను విరిచి మద్యసారముగా, బొగ్గుపులుసు వాయువుగా బయట పారవేయును. లెక్క ప్రకారము 180 గ్రాముల గ్లూకోజు నుండి 92 గ్రాముల మద్యసారము, 88 గ్రాముల వాయువు రావలెను. ఈస్టు తన దేహము పెంచుకొనుటకును, గ్లిసరిను మొదలగువానికిని కొంత చక్కెర వాడుకొనును గనుక వాస్తవముగా కొద్దిగా తగ్గును.

ఇక బీరు. చెట్టు రసములో చక్కెర సిద్ధముగా నున్నది. ధాన్యములో ఉన్నది చక్కెర కాదు, పిండిపదార్థము. అది వేలకొలది గ్లూకోజు అణువుల గొలుసు. ఈస్టు ఆ గొలుసును కొరుకలేదు. బియ్యపు పిండిలో ఈస్టు వేసి ఎన్నాళ్ళు కూర్చున్నను బీరు కాదు. గొలుసును త్రెంచు కత్తెర ఒకటి కావలెను. ఆ కత్తెర గింజలోనే ఉన్నది. గింజ మొలకెత్తునపుడు తనలోని పిండిని చక్కెరగా మార్చుకొని మొలకకు పెట్టును. దానికై అమైలేసు అను ఎంజైమును సిద్ధము చేసుకొనును. 1833లో పేయెన్, పెర్సో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీ నుండియే దీనిని వేరుచేసి డయాస్టేసు అని పేరిడిరి. విడిగా రాబట్టబడిన తొలి ఎంజైము అదియే.

కావున బీరు కాచువారు బార్లీని రెండు దినములు నానబెట్టి, నాలుగైదు దినములు మొలకెత్తించి, మొలక పెరిగి పిండినంతయు తినివేయకముందే వేడిగాలిలో ఎండబెట్టుదురు. అదే మాల్టు. తెలంగాణమున తైదలు అనియు ఇతరత్ర రాగులు, చోళ్ళు అనియు పిలువబడు ధాన్యము కూడ ఇట్లే చక్కగా మాల్టగును. పసిబిడ్డలకు మొలకెత్తిన తైదల పిండితో జావ కాచి పోయుట ఈ దేశపు తల్లులకు తెలిసిన విద్యయే. ఆ జావ పలుచగా ఉండి సులువుగా అరుగుటకు కారణము అమైలేసే. ఒడిషాలోని కోరాపుట్ ప్రాంతపు గిరిజనులు తైదలతో లందా అను పానీయమును పులియబెట్టుదురు. బార్లీ లేకున్నను బీరు వంటిది పుట్టగలదనుటకు అది ప్రత్యక్ష సాక్ష్యము.

బొగ్గు ప్రాంతపు విద్యార్థులకు ఇచ్చట ఒక చరిత్ర చెప్పవలసియున్నది. మాల్టును ఎండబెట్టుటకు ఇంగ్లండులో పూర్వము కట్టెలు, గడ్డి కాల్చెడివారు. అడవులు తరిగి కట్టెల ధర పెరుగగా బొగ్గు వాడచూచిరి. కాని బొగ్గులోని గంధకపు పొగ మాల్టుకు పట్టి బీరు త్రాగరాకుండ పోయెను. 1640 ప్రాంతమున డెర్బీషైరు మాల్టు కాపరులు ఒక ఉపాయము పన్నిరి. బొగ్గును గాలి చొరకుండ కాల్చి, గంధకమును, తారును వెళ్ళగొట్టి, మిగిలిన కోకుతో మాల్టును ఎండబెట్టిరి. పొగ లేదు, వాసన లేదు. మాల్టు నల్లబడక లేతరంగున ఉండెను. లేత బంగారు వన్నె బీరు ఇంగ్లండులో వ్యాపించుటకు మూలమిది. తరువాత మాల్టు మరల పనిముట్లు చేయువానికడ పని నేర్చిన అబ్రహాం డార్బీ 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో కోకుతోనే ఇనుము కరిగించెను. పారిశ్రామిక విప్లవము ఆ కొలిమి నుండి వచ్చినదని చెప్పు గ్రంథములు బీరు కాపరులకు రావలసిన పేరును తరచుగా మరచును. సింగరేణి బొగ్గు చాలవరకు కోకు కట్టని జాతిది. అది విద్యుత్కేంద్రముల బాయిలర్లకు తగినది గాని ఈ పనికి రాదు.

ఇంటి బీరు కాచుకొను పద్ధతి స్థూలముగా ఇట్లుండును. మాల్టును బరకగా విసరి 62 నుండి 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో ఒక గంట నానబెట్టుదురు. ఉష్ణోగ్రత ఇచ్చట ప్రాణము. 62కు దగ్గరగా నుంచినచో ఈస్టు తినగల చక్కెర ఎక్కువగును, బీరు పలుచనగును. 70కి దగ్గరగా నుంచినచో ఈస్టునకు కొరుకుడు పడని పొడవు ముక్కలు మిగిలి బీరు చిక్కనగును. 80 దాటినచో ఎంజైము చచ్చును, ఆనాటి శ్రమ వృథా. వడగట్టిన తీపి రసములో హాప్స్ అను లతయొక్క ఎండు పూలను వేసి ఒక గంట మరిగింతురు. తరువాత త్వరగా చల్లార్చి, ఈస్టు కలిపి, గాలి లోనికి పోకుండ వాయువు మాత్రము బయటికి పోవునట్లు నీటి బిరడా గల పాత్రలో ఒకటి రెండు వారములు ఉంచుదురు.

హాప్స్ చేదు కొరకు మాత్రమే అని చాలమంది తలంతురు. ఆ చేదు పదార్థములు మరిగినపుడు రూపము మారి, లాక్టిక్ బాక్టీరియాలను పెరుగనీయవు. ఈస్టుకు మాత్రము హాని చేయవు. కల్లులో ఏ ఊరు కాపురముండునో పైన చెప్పబడినది. బీరులో మరిగించుటచే ఆ ఊరినంతయు ఖాళీ చేయించి, హాప్స్‌ను కావలి పెట్టి, ఒక్క ఈస్టును మాత్రము లోనికి రానిత్తురు. కల్లు ఒక దినమునకే చెడి బీరు నెలలు నిలుచుటలో ఉన్న రహస్యమంతయు ఇంతే. రుచి ఎవరిది గొప్ప అనునది వేరు వాదము. అనేక జీవుల కూటమి ఇచ్చు సువాసన ఏకజాతి ఈస్టు ఈయలేదని కల్లు పక్షమున చెప్పవచ్చును.

ఒక్క ఈస్టును పెంచుట 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ సాధించెను. అదే ప్రయోగశాలలో 1909లో సోరెన్‌సెన్ ఆమ్లతను కొలుచు పీహెచ్ మానమును కల్పించెను. డబ్లిన్ బీరు కర్మాగారములో ఉద్యోగియగు గాసెట్ 1908లో స్టూడెంట్ అను మారుపేరుతో ప్రకటించిన గణితపద్ధతిని నేడు కళాశాలలన్నిటను బోధించుచున్నారు. శక్తి ప్రమాణమునకు పేరిచ్చిన జౌలు బీరు కాపరి కుమారుడు. బీరు ఈ శాస్త్రములకు చేసిన సహాయము తక్కువది కాదు. అసలు ఈస్టు ప్రాణి యని 1837లో కన్యార్ ద లా టూర్, ష్వాన్, క్యూట్సింగ్ వేరువేరుగా చెప్పినను నాటి రసాయన శాస్త్రజ్ఞులు పరిహసించిరి. పాశ్చరు 1857 మొదలు చేసిన ప్రయోగములచే ఆ వాదము నిలిచెను. పాశ్చరు మరణించిన రెండేండ్లకు, 1897లో బుక్నర్ ఈస్టును నూరి పిండిన రసము కూడ చక్కెరను పులియబెట్టునని చూపి, పని చేయునది కణములోని ఎంజైములేయని తేల్చెను. ఇరుపక్షముల వారును కొంత కొంత గెలిచిరి.

ఇంటి బీరు కాపరికి కావలసిన ముఖ్యమైన పరికరము హైడ్రోమీటరు. పాలలో నీరు పట్టుకొను లాక్టోమీటరుకు అది అన్నదమ్ము. చక్కెర రసము నీటికంటె బరువు, మద్యసారము నీటికంటె తేలిక. మొదట విశిష్ట గురుత్వము 1.050 ఉండి, పులిసిన పిదప 1.010 అయినచో భేదము 0.040. దానిని 131తో హెచ్చించగా 5.2 వచ్చును, మద్యసారము నూటికి సుమారు అన్ని పాళ్ళు. ఈ గుణకము అనుభవముచే ఏర్పడిన ఉజ్జాయింపు మాత్రమే.

ఈ వ్యాసంగమునకు చట్టపు చరిత్రయు కలదు. బ్రిటనులో ఇంటిబీరుకు గల లైసెన్సును 1963లో ఎత్తివేసిరి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టముచే సొంత వాడుకకు కాచుకొనుటకు వీలు కలిగెను. ఇరువురు పెద్దలున్న ఇంటికి ఏటికి 200 గ్యాలన్లు హద్దు. మన వద్ద సంగతి వేరు. తెలంగాణమున 1968 నాటి ఆబ్కారీ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే మద్యము తయారుచేయరాదు. అభిరుచి కొరకని చెప్పినను చెల్లదు. చిన్న బీరు కర్మాగారములకు 2015లో నిబంధనలు ఏర్పడినవి గాని అవి హోటళ్ళకు, వ్యాపారులకు సంబంధించినవి. గీత కార్మికులకు కూడ చెట్లు గీయుటకు అనుమతి పత్రము ఉండవలెను. కావున సెంటినరీ కాలనీ క్వార్టరులో బీరు కాచుట నేరమే. దానిని గూర్చి తెలిసికొనుట నేరము కాదు.

చట్టము ఒప్పినను ఇచ్చటి ఎండ ఒప్పుకొనదు. బీరు ఈస్టులలో ఒక తెగ 18 నుండి 22 డిగ్రీల వద్ద, రెండవ తెగ 8 నుండి 13 డిగ్రీల వద్ద చక్కగా పనిచేయును. రామగుండం ప్రాంతమున మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుట క్రొత్త గాదు. అంత వేడిలో ఈస్టు తొందరపడి, మామూలు మద్యసారముతో పాటు దానికంటె బరువైన మద్యసారములను ఎక్కువగా పుట్టించును. వానివలన ద్రవమునకు రంగుల దుకాణపు వాసన వచ్చును. లొట్టిలోని సూక్ష్మజీవులు 30, 35 డిగ్రీలకు అలవాటుపడినవి. చలిదేశమునకు బీరు, ఉష్ణదేశమునకు కల్లు ఏర్పడుట వాతావరణము చేసిన పంపకము.

ఇక ప్రమాదముల విషయము. ఇది కొంచెము విపులముగా చెప్పవలసినది.

లీటరుకు 100 గ్రాముల చక్కెర గల 20 లీటర్ల రసము పూర్తిగా పులిసినచో సుమారు 540 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. రంగు లేదు, ముక్కు పట్టు వాసన లేదు. కిటికీలు లేని గదిలో, గోతిలో, నూతిలో అడుగున నిలుచును. నూటికి 10 పాళ్ళు దాటినచో మనిషి కొద్ది నిమిషములలోనే స్మృతి తప్పును. గనిలో ఇదే వాయువు నత్రజనితో కలిసి, ఆమ్లజని కొరవడిన చెడుగాలిగా పాత పనుల మూలలలో చేరును. ఆంగ్ల గని కార్మికులు దానిని బ్లాక్ డ్యాంపు అనిరి. ఆమ్లజని 16, 17 పాళ్ళకు తగ్గగనే రక్షణ దీపము ఆరిపోవును. పాడుబడిన నూతిలోనికి, ధాన్యపు పాతరలోనికి దిగుటకు ముందు దీపము దింపి చూచుట మన పల్లెల పాత ఆచారము. పాతరలో గింజలు ఊపిరి తీసి ఇదే వాయువును విడుచును. 1767లో లీడ్సు నగరమున బీరు కర్మాగారపు ప్రక్కన కాపురముండిన ప్రీస్ట్లీ కూడ పులియు తొట్టెలపై మండు పుల్లను పట్టి, అది ఆరుటను, దాని పొగ ఆ వాయువుపై తేలుటను చూచెను. ఆ వాయువును నీటిలో కలిపి ఆయన సోడాను కనుగొనెను. ఆ విధానమును 1772లో అచ్చు వేయించెను. గనిదీపము, నూతిదీపము, ప్రీస్ట్లీ పుల్ల, మూడును ఒకే పరీక్ష. అయితే దీపము వెలుగుచున్నంత మాత్రాన క్షేమమని నమ్మరాదు. నేటి గనులలో వాయుమాపకములను కూడ వాడుదురు.

సీసాలు పగులుట రెండవది. బీరులో బుడగలు పుట్టుటకై సీసాలో మూత వేయుటకు ముందు లీటరుకు 5, 6 గ్రాముల చక్కెర వేయుదురు. పులియుట పూర్తికాకముందే మూత బిగించినను, చక్కెర హెచ్చినను గాజు సీసా బాంబు వలె ప్రేలును. కల్లు సీసాకు బిరడా గట్టిగా బిగించరాదని పెద్దలు చెప్పుట ఇందుకే.

మిథైల్ ఆల్కహాలును గూర్చిన భయము మాత్రము తరచుగా తప్పు త్రోవ పట్టును. ధాన్యమును, చెట్టు రసమును పులియబెట్టుటలో అది పుట్టునది అత్యల్పము. కల్తీ సారా త్రాగి గ్రుడ్డివారగుట, మరణించుట జరుగుచున్నది పులిసినందున కాదు. పరిశ్రమలలో వాడు మిథైల్ ఆల్కహాలును ఎవరో చౌకకు కొని కలిపినందున. పది మిల్లీలీటర్లు చాలు, కండ్లు పోవుటకు. దేహములో అది ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును చంపును.

కల్లు విషయమున అసలు ప్రమాదము వేరొకటి. చెట్లు తక్కువ, త్రాగువారు ఎక్కువ. తక్కువ కల్లును నీటితో, చక్కెరతో, చక్కెరకు మారుగా శాకరీనుతో పెంచినచో మత్తు తగ్గును. ఆ లోటు పూడ్చుటకు క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్‌ప్రజొలాము అను నిద్రమందులను కలుపుదురు. క్లోరలును 1832లో లీబిగ్ మద్యసారము నుండియే చేసెననుట ఒక వింత. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి. ఈ మందులు రుచికి గాని, రంగుకు గాని పట్టుబడవు, ప్రయోగశాలలోనే తేలవలెను. ఐతే లెక్క ఒకటి ఉన్నది. నిజమైన కల్లులో మద్యసారము నూటికి 4, 5 పాళ్ళు మాత్రమే. ఒక సీసాతో మనిషి రోజంతయు మైకములో పడినచో ఆ మైకము ఈస్టు పుట్టించినది కాదని అనుమానించుట న్యాయము.

దీనిలో మరియొక చిక్కు కలదు. ఏండ్ల తరబడి ఇట్టి కల్లునకు అలవాటైనవాడు తనకు కల్లు అలవాటనియే అనుకొనును. నిజమునకు అతని నరములు నిద్రమందునకు అలవాటుపడినవి. దుకాణము మూతపడినచో రెండు మూడు దినములలో చేతులు వణకుట, లేనివి కనబడుట, మూర్ఛలు వచ్చుట జరుగును. 2015లో తెలంగాణ జిల్లాలలో కల్తీపై దాడులు జరిగినపుడు ఆసుపత్రులకు ఇట్టి రోగులు అనేకులు వచ్చిరి. అట్టివానిని మనోబలము లేదని తిట్టుట కాదు, వైద్యునికడకు కొనిపోవలెను. మందును క్రమముగా తగ్గించి మాన్పుట వైద్యుల పని. బొగ్గు గనిలోనికి మత్తులో దిగరాదని నిబంధనలున్నవి. రాత్రి త్రాగిన కల్లులోని నిద్రమందు మరునాటి షిఫ్టులోను మనిషిని మందగింపజేయునను సంగతి ఆ కార్మికునకు తెలియకపోవుటయే ఇందులోని కష్టము.

మద్యముతో పనిలేకయే ఈ పాఠమంతయు ఉన్నత పాఠశాలలో చూపవచ్చును.

బియ్యపు పిండితో చిక్కని గంజి కాచి రెండు గాజు పాత్రలలో పోసి 60, 65 డిగ్రీలకు చల్లార్చవలెను. ఒకదానిలో మొలకెత్తించి నీడన ఎండించి విసరిన తైదల పిండి చెంచాడు, రెండవదానిలో అదే పిండిని నీటిలో మరిగించినది చెంచాడు కలుపవలెను. పది నిమిషములలో మొదటిది నీరైపోవును, రెండవది కదలదు. రెంటినుండి కొంచెము తీసి, బాగుగా చల్లారిన తరువాతనే అయోడిను చుక్క వేయవలెను. వేడిగా నున్నపుడు పిండి ఉన్నను నీలిరంగు అగపడదు; ఈ చిన్న సంగతి మరచి ప్రయోగము తప్పినదని కలతపడు ఉపాధ్యాయులు కలరు. చల్లారిన పిమ్మట రెండవది ముదురు నీలము, మొదటిది గోధుమవన్నె లేక వెలవెలబోవును.

రెండవ ప్రయోగమునకు రొట్టెల ఈస్టు, చక్కెర చాలును. లీటరు నీటికి 100 గ్రాముల చక్కెర కలిపి నాలుగు సీసాలలో సగము వరకు పోసి, మూడింటిలో ఈస్టు, నాలుగవదానిలో మరిగించిన ఈస్టు వేసి, మూతులకు బుడగలు తొడిగి, ఒకటి మంచునీటిలో, ఒకటి గదిలో, ఒకటి 35 డిగ్రీల నీటిలో, నాలుగవది కూడ అందులోనే ఉంచవలెను. ఏ బుడగ ముందు ఉబ్బునో పిల్లలను ముందుగా వ్రాసి ఉంచమనుట మేలు. ఉబ్బిన బుడగలోని గాలిని గొట్టము ద్వారా సున్నపు తేటలోనికి పంపినచో పాలవలె తెల్లబడును. ఎండుపుల్లకు ఒక చివర మట్టి అంటించి నిలువుగా తేలునట్లు చేసిన హైడ్రోమీటరును గదిలోని సీసా ద్రవములో తేల్చి, నీటిమట్టము వద్ద ప్రతిదినము గీటు పెట్టినచో, చక్కెర తరిగిన కొలది పుల్ల కొంచెము కొంచెముగా మునుగుట కనబడును. మూడు నాలుగు దినములకు గీట్లు ఒకేచోట నిలుచును. అప్పుడు ద్రవమును పారబోసి, సీసా అడుగున మిగిలిన తెల్లని మడ్డి నుండి ఒక చుక్కను సూక్ష్మదర్శిని క్రింద ఉంచవలెను. గుండ్రని కణముల ప్రక్కన చిన్న చిన్న పిలకలు అంటియుండును.